పదవీ విరమణకు ముందు – ప్రహ్లాదుని పాఠము

ఎఱ్ఱమల కొండలలో పుట్టి, నల్లరేగడి నేలలగుండ సాగి, పెన్నలో కలియు కుందూ నది సీమలో దొర్నిపాడు ఒక మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడువఱకు ఇది కర్నూలు జిల్లాలోనిది. దీనికి చేరువనే ఆళ్లగడ్డ. ఆ పైన నల్లమల కొండలలో నవనారసింహులు కొలువైన అహోబల దివ్యక్షేత్రము. ఉదయముననే ఆళ్లగడ్డ నుండియో, నంద్యాల నుండియో, కోవెలకుంట్ల నుండియో బయలుదేరి ఇట్టి మండల కేంద్రములకు చేరి, రెవెన్యూ కచేరీలోనో, పాఠశాలలోనో, ఆరోగ్య కేంద్రములోనో, బ్యాంకులోనో పని చేసి, దీపాలు పెట్టిన పిదప ఇల్లు చేరు ఉద్యోగులు ఎందఱో కలరు. వారిలో తల నెరసినవారిని, పదవీ విరమణకు నాలుగైదేండ్లు మాత్రమే మిగిలినవారిని ఉద్దేశించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. వారి కుటుంబములవారును చదువదగును.

చివరి మెట్టు బరువు

ముప్పది యేండ్లు కొలువు చేసినవానికి చివరి సంవత్సరములు సులువుగా గడచునని లోకులు తలంతురు. అనుభవము వేఱుగా నున్నది. పదవి పెరిగినకొలది బాధ్యత పెరుగును. దేహబలము మాత్రము తగ్గును. నిన్నటివఱకు అడంగలు పుస్తకములో కలముతో వ్రాసినది నేడు కంప్యూటరులో ఎక్కింపవలెను. హాజరు యంత్రమున వేయవలెను. పని పూర్తియైనదా యని సెల్‌ఫోనులో రాత్రి పదిగంటలకును ప్రశ్న వచ్చును. కుమారుని యీడు అధికారి పదిమంది యెదుట మందలించును. ఇంటికి వచ్చినచో కుమార్తె వివాహము, గృహఋణము, మంచమున నున్న తల్లి. వీటన్నింటికి తోడు ఒక భయము: ఈ చివరి దినములలో ఏ కాగితముపై పొరపాటున సంతకము పడునో, దానిపై విచారణ వచ్చి పింఛను ఎచ్చట నిలిచిపోవునో! ఈ తలపుతో నిద్ర పట్టని రాత్రులు ఎన్నియో.

ఇట్టి స్థితిలో మనస్సు రెండు త్రోవలు వెదకును. మొదటిది, గోడమీది క్యాలెండరులో దినములు కొట్టివేయుచు, ‘విరమణ అయినపిదప ప్రశాంతముగా భగవంతుని తలంతును’ అని వాయిదా వేయుట. రెండవది, ‘ఇక నా వలన కాదు’ అని పనిపై విసుగు చెంది, వచ్చిన రైతుపై, ఇంటి ఇల్లాలిపై ఆ విసుగును కుమ్మరించుట. ఈ రెండును శాంతినీయవు.

వాయిదా ఏల పనికిరాదో మన రాష్ట్ర చరిత్రయే చెప్పుచున్నది. 1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించినది. అప్పటికే 55 నిండినవారు ఆ నెల 28వ తేదీతో వేలకొలది ఒక్కమారుగా ఇంటికి పంపబడిరి. ఇంకను మూడేండ్లు కలవని లెక్కవేసికొన్నవారికి మూడు వారములే మిగిలినవి. మరుసటి యేడు, 1984లో, వయస్సు తిరిగి 58 అయినది. రాష్ట్ర విభజన జరిగిన 2014లో 60కి పెరిగినది. 2022 జనవరి 1 నుండి 62 అయినది. అరువదికే విశ్రాంతి యని ఎదురుచూచినవారికి మఱి రెండేండ్లు కూడినవి. విరమణ దినము మన చేతిలోనిది కాదు. దానిని నమ్మి శాంతిని దాచి యుంచుట, ఇతరుల కొట్టములో మన ధాన్యము పోసికొనుట వంటిది.

ఐదు కాలములు

మన పూర్వాచార్యులు వైష్ణవుని దినమును ఐదు భాగములుగా విభజించిరి. దీనికి పంచకాల ప్రక్రియ యని పేరు. శ్రీ వేదాంత దేశికులు తమ పాంచరాత్ర రక్షయందు దీనిని విపులముగా చర్చించిరి. తెల్లవారగనే భగవంతుని సన్నిధికి మనసా వాచా చేరుట అభిగమనము. పిదప ఆరాధనకు వలయు ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. మధ్యాహ్నమున చేయు ఆరాధనము ఇజ్య. అటుపిమ్మట శాస్త్ర గ్రంథముల పఠనము స్వాధ్యాయము. రాత్రి భగవద్ధ్యానముతో నిదురలోనికి జారుట యోగము.

ఇందు మన ఉద్యోగమునకు చోటెక్కడ? ఉపాదానము నందే. పూవులు, తులసి, బియ్యము, నేయి సమకూర్చుట యెట్లో, వాటిని కొనుటకు ధర్మమార్గమున ధనమార్జించుటయు అట్లే. కావున కచేరీ భగవంతునికి దూరమైన చోటు కాదు. ఆరాధనలో ఒక భాగమే. ఇది మొదటి ఊరట. అయితే ఇందులో ఒక హెచ్చరికయు కలదు. ఉపాదానము ఐదింటిలో ఒకటి మాత్రమే. అది పెరిగి పెరిగి తక్కిన నాలుగింటిని మ్రింగినప్పుడు మనుజునికి ఊపిరాడదు. నేటి ఉద్యోగి బాధకు మూలము పని యధికమగుట ఒక్కటియే కాదు. పని తప్ప దినములో మఱేమియు మిగులకపోవుట. మిగిలిన నాలుగు కాలములను కొంచెము కొంచెముగా తిరిగి వాటి స్థానములలో నిలుపుటయే దీనికి మందు. ఆ మందు విరమణ తరువాత కాదు, ఇప్పుడే సేవింపవలెను.

ప్రహ్లాదునికి దొరకని సెలవు

అహోబలమున హిరణ్యకశిపుని వధించిన స్వామి ప్రహ్లాదుని వరము కోరుమనెను. శ్రీమద్భాగవత సప్తమ స్కంధమున ఆ బాలుడు చెప్పిన సమాధానము తెలిసినదే: ప్రతిఫలము నాశించి స్వామిని కొలుచువాడు సేవకుడు కాడు, వర్తకుడు. అంతటి విరాగిని స్వామి అడవికి పంపెనా? లేదు. ఆ మన్వంతరము ముగియువఱకు రాజ్యమేలుమని ఆజ్ఞాపించెను. మనస్సును తనయందు నిలిపి, కర్మఫలమును తనకర్పించి పని చేయుమనెను. సెలవు కోరదగిన అర్హత ప్రహ్లాదునికంటె ఎవరికి కలదు? ఆయనకును కొలువు తప్పలేదు. అహోబలమున యోగానంద నృసింహుని సన్నిధిలో స్వామి ప్రహ్లాదునికి యోగము నుపదేశించెనని స్థలపురాణము. సింహాసనముపై కూర్చుండబోవువానికి ఆ యుపదేశమగుట గమనింపదగినది.

భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున ఈ సూత్రమును మూడు త్యాగములుగా వివరించిరి. ‘నేనే చేయుచున్నాను’ అను భావమును విడుచుట కర్తృత్వ త్యాగము. ‘ఇది నాది’ అను భావమును విడుచుట మమతా త్యాగము. ‘దీని ఫలము నాకు రావలెను’ అను ఆశను విడుచుట ఫల త్యాగము. విడువవలసినవి ఈ మూడే. పనిని విడువుమని చెప్పలేదు. ఇవి కచేరీ బల్లవద్ద ఎట్లుండునో చూతము.

మండల కచేరీలో ఒక పెద్ద యుద్యోగిని ఊహించుకొందము. భూమి వివరములు కంప్యూటరులో చూచుట ఆయనకు కొఱుకుడు పడలేదు. ‘ఇంత అనుభవమున్న నేను నిన్నగాక మొన్న వచ్చిన కుఱ్ఱవానిని అడుగుటయా?’ అను బిడియము ఆయనను నమలుచున్నది. ఇది కర్తృత్వము తెచ్చిన బాధ. దానిని విడిచినచో, ‘నాయనా, ఇది ఇంకొకమారు చూపుము’ అని అడుగుట తేలిక. ‘కూర్చోండి సార్, చూపిస్తాను’ అని ఆ యువకుడును సంతోషించును. ముప్పది యేండ్లలో ఈయన నేర్చిన సరిహద్దు తగవుల మెలకువలు ప్రతిగా ఆ యువకునికి దక్కును.

ఆయన ఏండ్లతరబడి పెంచిన విభాగము మఱియొకరికి అప్పగింపబడినది. కుర్చీ మారినది. ఇచట కలుగు నొప్పి మమత వలన. అప్పగింత పత్రము చక్కగా వ్రాసి, తాళపుచెవులు నవ్వుతో ఇచ్చుట మమతా త్యాగమునకు అభ్యాసము. విరమణ దినమున అన్నింటిని ఒక్కసారిగా విడువలేము. చిన్నవానిని ముందుగా విడిచినవానికే పెద్దవానిని విడుచుట సాధ్యము.

పని బాగుగా చేసినను మెప్పు రాలేదు. పైగా మందలింపు వచ్చినది. ఇచట ఫల త్యాగము కావలెను. ఎండలో నడచివచ్చిన ఒక వృద్ధ రైతు పట్టాదారు పుస్తకములోని తప్పు సరియై వెళ్లినచో, ఆ దినపు ఇజ్య అదియే. మెప్పు ఎవరిదైన నేమి!

ఒక ముఖ్యమైన మాట. త్యాగమనగా ఎవరేమి చెప్పినను తలయూపుట కాదు. శరణాగతి అంగములలో మొదటివి రెండు: భగవంతునికి ప్రియమైనది చేయుదునను సంకల్పము, అప్రియమైనది విడుచుట. ఒకని పొలము మఱియొకని పేర మార్చుమని ఒత్తిడి వచ్చినచో, వినయముతోనే కాదనవలెను. తన అభిప్రాయమును కాగితముపై వ్రాసి, తేదీ వేసి ఫైలులో నుంచవలెను. చివరి యేండ్ల నిద్రలేమికి పని భారము సగమే కారణము. తప్పు చేసితినేమో యను శంక మిగిలిన సగము. శుద్ధమైన ఫైలు శుద్ధమైన నిద్రనిచ్చును.

ఆకుకూర పాఠము

‘నాలుగు కాలములకు తీఱిక ఏది?’ అని అడుగుదురేమో. దీనికి గురుపరంపరలోని ఒక వృత్తాంతమే సమాధానము. యామునాచార్యులు రాజ్యభారము వహించి యున్న దినములలో మణక్కాల్ నంబి వారి దర్శనము కోరి వచ్చిరి. రాజునకు తీఱిక లేదు. ద్వారము దాటుట నంబికి దుర్లభమైనది. అప్పుడు నంబి యామునులకు ప్రీతియైన తూదువళై యను ఆకుకూరను ఆఱు నెలలు వంటవారికి తెచ్చి యిచ్చిరి. పిదప కొన్నిదినములు మానిరి. విస్తరిలో కూర కానరాక యామునులు విచారించిరి, తెచ్చువానిని పిలిపించిరి. అటుల మొదలైన పరిచయమున నంబి గీతార్థమును వినిపించి, తుదకు శ్రీరంగనాథుని సన్నిధికి గొనిపోయి, ‘మీ తాతగారు నాథమునులు మీకై యుంచిన నిధి ఇదియే’ అని చూపిరి.

తీఱిక లేనివాని యింటికి భగవద్విషయము పిడికెడు ఆకుకూరగా వచ్చినది. మనకును అంతే చాలును. ఉదయము పావుగంట దీపము వెలిగించి తిరుమంత్రము తలంచుట అభిగమనము. తెచ్చుకొన్న అన్నమును స్వామికి నివేదించిన భావముతో, ఫోను ప్రక్కనుంచి, నెమ్మదిగా భుజించుట ఆనాటి ఇజ్య. ఇంటికి వచ్చిన పిదప ఇంటివారితో కలసి భాగవతములో ఒక పుట చదువుట స్వాధ్యాయము. పండుకొనుటకు ముందు ఆనాటి తప్పొప్పులను స్వామి పాదములయందుంచి కన్నులు మూయుట యోగము. మొత్తము ఒక గంటకు మించదు. కాని మానిన దినమున, యామునుల విస్తరిలో కూరవలె, ఆ లోటు తెలియవలెను. అంతవఱకు ఆఱు నెలలైన విడువక చేయవలెను.

లౌకికమును మఱువరాదు

గీత ఆఱవ అధ్యాయము ఆహారము, విహారము, కర్మ, నిద్ర అన్నియు మితముగా నున్నవానికే యోగము దుఃఖమును పోగొట్టునని బోధించుచున్నది. కావున దేహమును నిర్లక్ష్యము చేయుట భక్తి కాదు. రక్తపోటు, మధుమేహము పరీక్షింపించుకొనవలెను. నియమముగా నడువవలెను. సెలవు హక్కుగా నున్నప్పుడు వాడుకొనుటకు సిగ్గుపడరాదు. సర్వీసు రిజిస్టరులోని లోపములను, నామినీ పేరును ఇప్పుడే సరిచూచుకొనవలెను. ఆదాయ వ్యయములను భార్యకు తెలియజెప్పవలెను. తెలియనితనము వలన పుట్టు భయము తెలిసికొనినంతనే సగము తగ్గును. ఇరువది యేండ్ల సేవ నిండిన రాష్ట్ర ఉద్యోగికి మూడు నెలల ముందు తెలియపఱచి స్వచ్ఛందముగా విరమించు వీలును పింఛను నియమములలో కలదు. దేహము నిజముగా సహింపనప్పుడు ఇంటివారితో ఆలోచించి ఆ త్రోవను ఎన్నుకొనుట ఓటమి కాదు.

వారములు గడచినను నిద్ర రాకున్నను, బ్రదుకుపై ఆశ సన్నగిల్లినను, దానిని మనస్సులో దాచుకొనరాదు. వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సహాయ కేంద్రముతో 14416 సంఖ్యపై మాటలాడవచ్చును. వైద్యుడును నారాయణుని రూపమేయని పెద్దల మాట.

ఇంటివారికి ఒక విన్నపము. ఆయన గుమ్మము దాటి లోనికి రాగానే అప్పు మాట, పెండ్లి మాట ఎత్తకుడు. కాళ్లు కడుగుకొని, మంచినీరు త్రాగి, దీపమునకు నమస్కరించునంతవఱకు ఆగుడు. ఉద్యోగిని యగు ఇల్లాలి విషయమున ఇది మఱియు ముఖ్యము. ఆమెకు కచేరీ ముగియగనే వంటయిల్లు మొదలగును. ఆ పనిని పంచుకొనుటయు కైంకర్యమే.

తానే వచ్చు స్వామి

ప్రతి యేట సంక్రాంతి వెళ్లిన వెంటనే అహోబల నృసింహుడు పార్వేట పేర కొండ విడిచి బయలుదేరును. దాదాపు నలుబది దినములు పల్లకిలో ఊరూర తిరిగి, చెంచులక్ష్మితో తన వివాహమునకు తానే జనులను పిలుచునని ఈ సీమవారి విశ్వాసము. పొలము పని విడిచి కొండకు రాలేని రైతు ముంగిటికి స్వామియే వచ్చును. కచేరీ విడిచి రాలేని యుద్యోగిని మాత్రము విడుచునా? ఆయన వచ్చు వేళకు మన బల్లపై ఒక శుద్ధమైన ఫైలు, మన ఇంట ఒక చిన్న దీపము ఉన్న చాలును.

స్తంభమునుండి వెలువడి ప్రహ్లాదుని కాచిన ఆ అహోబలేశుడు, కొలువు చివరి మెట్టుపై అలసి నిలిచిన వారందఱికి ధైర్యమును, ఆరోగ్యమును, విరమణకు ముందే విశ్రాంతిని ప్రసాదించుగాక!