నీట మునిగిన యంత్రము

ఖమ్మము పట్టణము మున్నేటి యొడ్డున నున్నది. భద్రాచలము గోదావరి యొడ్డున నున్నది. కొత్తగూడెము, పాల్వంచల మీదుగా ఈ రెంటిని కలుపు మార్గమున టేకు, ఇప్ప, తునికి చెట్లతో నిండిన యడవులు కలవు. ఆ యడవులలో కోయల గూడెములు చెదరియున్నవి. వారమున కొకసారి జరుగు సంతలే ఆ గూడెముల వారికి అంగళ్లు. ఉప్పు, పప్పు, బట్టలు, పనిముట్లు మూటగట్టుకొని చిరువర్తకులు ఒక సంత నుండి మఱియొక సంతకు తిరుగుచుందురు. పూర్వము కావడుల మీదను, ఎడ్లబండ్ల మీదను సాగిన ఈ వర్తకము కాలక్రమమున మోటారు సైకిళ్ల మీదికి మారినది.

ఇట్టి దారులకు టూ స్ట్రోకు యంత్రముగల బండ్లు చాలకాలము నమ్మకమైన వాహనములుగా నుండినవి. ఎస్కార్ట్స్ వారి రాజదూత్, మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు, 1980లో వచ్చిన టీవీఎస్ 50, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 ఈ జాతికి చెందినవే. వాని యంత్రములలో కదలెడి భాగములు తక్కువ, బాగుచేయుట సులభము. కాలుష్య నిబంధనలు కఠినమైన కొలది వీని తయారీ తగ్గిపోయినది. అయినను తాతనాటి పెట్టెవలె పాతబండిని భద్రపఱచుకొని దానితోనే జీవనము గడుపుకొనువారు కలరు. అట్టివానికి బండి పోయినచో సంత పోవును. సంత పోయినచో ఇంటి పొయ్యి చల్లారును.

ఈ ప్రాంతమున బండికి పెద్ద శత్రువు వరద. భద్రాచలమున గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 1986వ సంవత్సరము ఆగస్టు మాసమున ఆ మట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులకు చేరినది. ఖమ్మమున 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి, ఒడ్డునున్న పేటలలోని యిండ్లను ముంచివేసినది. ఇట్టి సమయమున జనులు పిల్లలను, వృద్ధులను, పశువులను మెరకకు చేర్తురు. బండి గుమ్మము ముందే నిలిచిపోవును. నీరు తీసిన పిమ్మట చూడగా, అది హేండిలు వఱకు ఒండ్రుమట్టి పూసుకొని యుండును.

అప్పుడు యజమాని సాధారణముగా చేయు మొదటి పని యేమి? బండిపై నాలుగు బిందెల నీళ్లు పోసి కడిగి, కిక్కు కొట్టి చూచుట. ఒకసారి పలుకకున్న పదిసార్లు కొట్టును. అప్పటికిని పలుకకున్న వాలుదారిని తోయించును. ఈ తొందరపాటు వలన కలుగు నష్టము వరద వలన కలిగినదానికంటె నెక్కువ. అది యెట్లో తెలియవలెనన్న టూ స్ట్రోకు యంత్రము పనిచేయు తీరు నెఱుగవలెను.

నాలుగు స్ట్రోకుల యంత్రమున పిస్టను రెండుసార్లు పైకి, రెండుసార్లు క్రిందికి కదలిననే యొకసారి శక్తి పుట్టును. టూ స్ట్రోకు యంత్రమున ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి కదలిన చాలును. ఇట్టి యంత్రమునకు డుగాల్డ్ క్లర్క్ అను స్కాట్లండు ఇంజనీరు 1881లో పేటెంటు పొందెను. అందు వాయుమిశ్రమమును సిలిండరులోనికి నెట్టుటకు వేఱుగా నొక పంపు ఉండెను. ఇంగ్లండులోని బాత్ నగరవాసియగు జోసెఫ్ డే అను నాతడు 1891లో ఆ పంపును తొలగించి, పిస్టను క్రింద నుండు క్రాంకుకేసునే పంపుగా మార్చెను. పిస్టను పైకి పోవునపుడు కార్బ్యురేటరు నుండి వాయుమిశ్రమము క్రాంకుకేసులోనికి వచ్చును. పిస్టను దిగునపుడు ఆ మిశ్రమము నొక్కబడి, ప్రక్కదారులగుండా సిలిండరు పైభాగమునకు చేరును. నేటి చిన్న టూ స్ట్రోకు యంత్రములు చాలవఱకు ఈ పద్ధతినే యనుసరించినవి.

ఈ యేర్పాటు వలన ఒక విశేషము కలిగినది. క్రాంకుకేసులో నూనె నిలువ యుండదు. పెట్రోలుతో కలిసి వచ్చిన కొంచెపాటి నూనెయే అందలి బేరింగులను తడుపుచుండవలెను. అందుచేత నీరు కార్బ్యురేటరు గుండా గాని, పొగగొట్టము గుండా గాని క్రాంకుకేసును చేరెనా, బేరింగుల పైనున్న పలుచని నూనెపొర కడుగుకొని పోవును. నీటితో వచ్చిన సన్నని యిసుక ఉక్కుగుండ్ల నడుమ చేరును. చాల యంత్రములలో ఆ నీరు క్రిందికి జాఱుటకు దారియే లేదు. బండి పైభాగము ఎండలో నొక పూటలో ఆఱిపోవును. లోపల మాత్రము చెమ్మ దినములకొలది నిలిచియుండును.

కావున కిక్కు కొట్టిన ప్రతిసారియు ఇసుక సిలిండరు గోడను గీయును; బేరింగులను తిరుగటిలో గింజవలె నలుపును. గాలిని నొక్కిన కుదించుకొనును గాని నీరు కుదించుకొనదు. సిలిండరులో నీరు నిండియుండగా బండిని బలముగా తోయించినచో పిస్టను పైకి పోలేక, దానిని క్రాంకునకు కలుపు కనెక్టింగు రాడ్డు వంగిపోవచ్చును. అందువలన వరదలో మునిగిన బండికి మొదటి వైద్యము దానిని కదలింపకుండుటయే.

అట్లని దానిని మూల నుంచి మఱచిపోవుటయు తగదు. నీటి క్రింద నున్నంతసేపు ఇనుమునకు గాలి తక్కువ. బయటికి వచ్చిన పిమ్మట తడియు, గాలియు రెండును దొరకును. త్రుప్పు వేగముగా పట్టును. తొందరపాటు వేఱు, ఆలస్యము చేయకుండుట వేఱు. మంచి పనివాడు ఈ రెంటి నడుమ భేదము నెఱిగియుండును. అతడు మొదటి దినముననే బ్యాటరీ తీగలను విప్పును. స్పార్కు ప్లగ్గును తీసి, ఆ రంధ్రము గుండా నీటిని వంచివేసి, లోపల నూనె పోయును. పెట్రోలు టాంకిని, కార్బ్యురేటరును ఖాళీ చేయును. గేరుపెట్టె నూనెను పళ్లెములోనికి వదలి చూచును. అది మజ్జిగవలె తెల్లబారి యున్నచో అందును నీరు చేరినదని యర్థము.

తరువాత యంత్రమును చట్రము నుండి దింపి, విప్పుటకు ముందే వెలుపలి మట్టిని పూర్తిగా కడుగవలెను. లేనిచో విప్పునపుడు ఆ మట్టియే లోనికి పోవును. విప్పిన ప్రతి మరను, ప్రతి వాషరును వరుస తప్పక పళ్లెములలో నుంచవలెను. పనిశాలలో చేరిన పిల్లవానికి నేర్పు మొదటి పాఠమిదియే.

హెడ్డు తీసిన పిమ్మట పిస్టను సిలిండరులో బిగుసుకొని యుండుట తఱచు. అప్పుడు సుత్తితో కొట్టువాడు పిస్టనును పగులగొట్టును. త్రుప్పును వదలించు నూనెను పోసి, ఒకటి రెండు దినములు వేచి, పిమ్మట కొయ్యముక్కను అడ్డము పెట్టి మెల్లగా నెట్టవలెను. సిలిండరు గోడపై గోటికి తగులునంతటి గాడి యున్నచో దానిని లేతుపనివాని యొద్ద బోరు చేయించి, దానికి సరిపడు పెద్ద పిస్టనును వేయవలెను. అట్టి పిస్టనులు పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు చొప్పున పెద్దవిగా దొరకును. కొత్త పిస్టను తలపైనున్న బాణపు గుర్తు పొగ వెడలు వైపునకుండునట్లు అమర్చవలెను. రింగుల కొనలు పిస్టను గాడిలోని చిన్న మేకుకు సరిగా నిలువవలెను. లేనిచో అవి సిలిండరు కిటికీలలో తగులుకొని విఱుగును.

ఇంతవఱకు జరిగిన పని యజమాని కంటికి కనబడును. ఇకమీది పని కనబడదు. క్రాంకుకేసును రెండుగా విడదీసి బేరింగులను మార్చవలెను. ఇది ఖర్చుతోను, శ్రమతోను కూడిన పని. పైపైన తుడిచి మూసివేసినను బండి ఆ దినమున నడచును. యజమాని సంతోషముతో తీసికొని పోవును. కాని కొలది దినములలో అడవి నడుమ, మూటల బరువుతో, చీకటిపడు వేళ బేరింగు పగిలి యంత్రము నిలిచిపోవును. కావున ఖర్చెంతయో ముందుగా చెప్పి, కేసును విప్పి, పాడైన భాగములను యజమానికే చూపి మార్చుట ధర్మము.

క్రొత్త బేరింగును ఎక్కించుటలో ఒక శాస్త్రరహస్యము కలదు. కేసు అల్యూమినియముతో చేసినది, బేరింగు ఉక్కుది. వేడి చేసినప్పుడు అల్యూమినియము ఉక్కుకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. కేసును తగినంత వేడి చేసినచో, చల్లని బేరింగు దెబ్బ లేకుండ తన చోటున కూర్చుండును. చల్లారిన పిమ్మట కేసు దానిని గట్టిగా పట్టుకొనును. పాఠశాలలో చదివిన వ్యాకోచ సూత్రము ఇచ్చట సుత్తి చేయవలసిన పనిని తాను చేయుచున్నది.

క్రాంకు రెండు కొసలనుండు రబ్బరు సీళ్లను తప్పక మార్చవలెను. క్రాంకుకేసు పంపుగా పనిచేయవలెనన్న గాలి చొరరాదు. సీలు కారినచో అధికమైన గాలి లోనికి వచ్చి మిశ్రమము పలుచనగును. యంత్రము మితిమీఱి వేడెక్కి పిస్టను పట్టుకొనిపోవును. కూర్చిన యంత్రము రంధ్రములను మూసి, లోనికి కొంచెము గాలి నెక్కించి, అతుకులపై సబ్బునీరు పూసినచో కారుచున్న చోట బుడగలు లేచును. సైకిలు ట్యూబును నీట ముంచి చిల్లి కనుగొనుట వంటిదే ఈ పరీక్ష. మాగ్నెటో తీగచుట్టలను మంచినీట కడిగి నీడలో బాగుగా ఆఱబెట్టి, పనిచేయుచున్నవో లేవో పరీక్షించి బిగింపవలెను.

పెట్రోలులో నూనె కలిపి పోయు బండియైనచో, తయారీదారులు చెప్పిన పాలు తప్పరాదు. ఇరువది పాళ్ల పెట్రోలునకు ఒక పాలు నూనె యనగా లీటరునకు 50 మిల్లీలీటర్లు. అప్పుడు కిక్కు కొట్టవలెను. మొదట తెల్లని పొగ దట్టముగా వచ్చును. యంత్రము రెండు మూడుసార్లు దగ్గి, పిమ్మట చప్పుడు నిలకడగా సాగును. అంతటితో పని ముగియలేదు. క్రొత్త రింగులును, క్రొత్త బోరును ఒండొంటికి అలవాటు పడువఱకు కొన్ని వందల కిలోమీటర్లు బరువు లేక, వేగము లేక నడుపవలెను. పనివాని ఓర్పునకు తోడుగా యజమాని ఓర్పును కావలెను.

ఇట్లు బాగుపడిన బండి మఱల సంతదారి పట్టును. దానిపై ఉప్పుమూట గూడెమునకు చేరును. తిరిగివచ్చునపుడు దాని యజమాని యింటికి ఆ దినపు కూడు వచ్చును. వరదను ఆపుట ఒక్కని చేతిలోని పని కాదు. వరద పిమ్మట తొందరపడక, జాగు చేయక, కంటికి కనబడని చోటను కనబడు చోటనువలెనే శుద్ధిగా పనిచేయుట మాత్రము ప్రతివాని చేతిలోను ఉన్నది. పనివాని విలువ యంత్రము మూసిన పిమ్మట ఎవరును చూడలేని ఆ చోటననే తెలియును.

ప్రశ్నలు

1. నీట మునిగిన బండిని వెంటనే కిక్కు కొట్టి చూచుట వలన కలుగు నష్టములేవి?
2. జోసెఫ్ డే క్రాంకుకేసునకు అప్పగించిన క్రొత్త పని యేది? దాని వలన నీరు చేరినప్పుడు కలుగు చిక్కేమి?
3. తొందరపాటునకును, ఆలస్యము చేయకుండుటకును గల భేదమును మీ యనుభవము నుండి ఒక యుదాహరణముతో వ్రాయుడు.