మంచుకు మాడిన హైడ్రాంజియా చిగుళ్లు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. నిరుడు నాటిన హైడ్రాంజియాలు ఏప్రిల్‌లో బాగా చిగిర్చాయి. మొన్న రాత్రి గడ్డకట్టే చలికి ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి. కొట్టేయమంటారా?

జవాబు: వద్దమ్మా, కత్తెర పక్కన పెట్టండి. మాడింది పైచిగురే, వేళ్లకు ఏమీ కాదు. రెండు మూడు వారాలు ఆగి, కొమ్మ బెరడును గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే పైనుంచి కిందికి గీకుతూ వచ్చి, పచ్చదనం కనిపించిన చోట, మంచి మొగ్గకు కాస్త పైన కత్తిరించండి.

కంగారుపడి ఎరువు మాత్రం వేయకండి. నత్రజని అందితే లేత చిగుళ్లు తోసుకొస్తాయి. మళ్లీ చలి తగిలితే ముందు పోయేవి అవే. మట్టి పైపొర ఆరినప్పుడు నీళ్లు పోస్తే చాలు.

మీ వైపు మే మధ్యదాకా ఈ చలి భయం ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కు పడిపోతుందని తెలిస్తే పొద్దుగూకకముందే పాత దుప్పటి నేలదాకా కప్పి, తెల్లారాక తీసేయండి. ప్లాస్టిక్ వద్దు, అది తగిలిన ఆకు మాడుతుంది.

పెద్దాకుల రకమైతే పూమొగ్గలు నిరుటి కొమ్మల్లోనే ఉంటాయి కాబట్టి ఈ ఏడాది పూలు తగ్గొచ్చు. మొక్క మొదలు దగ్గర్నుంచి మళ్లీ చిగురిస్తుంది, పీకేయకండి.