పట్టీ బిగించాకే పుట్టి ఎక్కండి

గల్ఫ్‌లో తొమ్మిదేళ్లుగా కట్టడాల పని చేస్తున్నాను. అక్కడ హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకోనిదే గేటు దాటనివ్వరు. అలాంటి నేను కిందటి సెలవులో ఇంటిల్లిపాదినీ తీసుకుని తమిళనాడు ధర్మపురి జిల్లాలోని హొగెనకల్ జలపాతానికి వెళ్లి, లైఫ్ జాకెట్ భుజాన వేలాడేసుకుని ఫొటోలు దిగాను. పుట్టి నడిపే పెద్దాయన తెడ్డు ఆపేసి, నా పట్టీలు చూపించేదాకా నాకు సిగ్గనిపించలేదు. అదే రోజు నూనె మర్దన చేయించుకున్న కాళ్లతో బండ మీద జారి మోచేయి పగలగొట్టుకున్నాను కూడా. బెంగళూరు మీదుగా అటు వెళ్లే మనవాళ్ల కోసం, నాకు తెలిసొచ్చినవి ఇవి.

బయలుదేరే ముందు, దారిలో

చేయవలసినవి:
- కావేరి ప్రవాహం ఎంతుందో కనుక్కోండి. కొడగు, వయనాడు కొండల్లో వానలు పడి కృష్ణరాజసాగర్, కబిని జలాశయాలు నిండితే గేట్లెత్తుతారు. ఆ నీరు బిళిగుండ్లు దాటి హొగెనకల్ చేరుతుంది. ఉద్ధృతి పెరిగితే జిల్లా యంత్రాంగం పుట్టి ప్రయాణాలూ స్నానాలూ ఆపేస్తుంది.
- పాస్‌పోర్టు, రెసిడెన్సీ కార్డు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. అవి నీళ్లపాలైతే సెలవంతా ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది.
- ధర్మపురి నుంచి హొగెనకల్ 46 కిలోమీటర్లు. పెన్నాగరం దాటాక అడవిదారి, ఏనుగులు రోడ్డు దాటే చోటు. వెలుతురుండగానే తిరిగి రండి.

చేయకూడనివి:
- ‘ఇక్కడ ఎండ కాస్తోందిగా’ అని ధీమా పడొద్దు. ఆ వరద మన నెత్తిమీది మబ్బుతో రాదు, ఎగువ మబ్బుతో వస్తుంది.
- సేలం వైపు వెళ్లేవారు తొప్పూరు ఘాట్‌లో బండిని న్యూట్రల్‌లో దించొద్దు. 44వ జాతీయ రహదారి మీద తరచూ ప్రమాదాలు జరిగే వాలు అది. చిన్న గేరులో దిగాలి. బ్రేకు మీదే కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

నీళ్ల దగ్గర

మన కృష్ణ, తుంగభద్రల మీద తిరిగే పుట్టినే అక్కడ పరిసల్ అంటారు. గుండ్రటి అంచు, చదును అడుగు. అందరూ కూర్చున్నంతసేపే అది నిలకడగా ఉంటుంది.

చేయవలసినవి:
- లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించండి. బకిల్ విరిగి ఉంటే వేరేది అడగండి. పిల్లలకు వాళ్ల కొలతదే ఇప్పించండి.
- నూనె మర్దన అక్కడి ప్రత్యేకత. అయ్యాక అరికాళ్లు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే పాచి బండల మీద అడుగు వేయండి.
- బోర్డులు తమిళంలో ఉంటాయి. ‘ఆళం’ అంటే లోతు, ‘తడై’ అంటే నిషేధం, ‘ముదలై’ అంటే మొసలి. ‘అపాయం’ మన మాటే!

చేయకూడనివి:
- సెల్ఫీ కోసం పుట్టిలో లేవొద్దు, అందరూ ఒకే పక్కకు ఒరగొద్దు.
- స్నానానికి కేటాయించని చోట దిగొద్దు. ఆ నదిలో మొసళ్లున్నాయి. అక్కడ అటవీశాఖ మొసళ్ల సంరక్షణ కేంద్రమే నడుపుతోంది.
- కొట్టుకుపోతున్న మనిషి కోసం ఈత రాకుండా దూకొద్దు. తాడో, కర్రో, చున్నీయో అందించి కేకలు వేయండి.

తిండి, నీళ్లు

చేయవలసినవి:
- చేప కడగడం, వేయించడం కళ్లముందే చేయించుకోండి. మూకుడులో నూనె నల్లబడి ఉంటే పక్క కొట్టుకు వెళ్లండి.
- పిల్లలకు ముల్లు తీసి పెట్టండి. గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్దలు మింగించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.
- రాగి ‘కళి’ దొరికితే వేడివేడిగా తినండి. మన సంగటికి అక్కచెల్లెలు.

చేయకూడనివి:
- దారిలో బోరు నీళ్లు తాగే అలవాటు చేసుకోవద్దు. ధర్మపురి కూడా నల్లగొండలాగే ఫ్లోరైడ్ బాధిత జిల్లా. జపాన్ రుణ సాయంతో కావేరి నీటిని ఇళ్లకు చేర్చే హొగెనకల్ పథకం 2013లో మొదలైంది అందుకే. ఒక్కపూట నీళ్లతో జబ్బు రాదు, ఏళ్ల తరబడి తాగితే వస్తుంది. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైపోయిన నీటి మేరకు ఇంకా చిక్కనవుతుంది.

గుళ్లు, రాళ్లు

ధర్మపురి పాత పేరు తగడూరు. ఆయుష్షు పెంచే ఉసిరికాయను తాను తినకుండా కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చాడని చెప్పుకునే అదియమాన్ ఏలిన ఊరు. తర్వాత మన మడకశిర దగ్గరి హేమావతి నుంచి పాలించిన నొలంబుల చేతికి వచ్చింది. కోట గుళ్లలో వాళ్ల శిల్పం కనిపిస్తుంది.

చేయవలసినవి:
- ప్రభుత్వ మ్యూజియంలో వీరగల్లులు తప్పక చూడండి.
- తీర్థమలై కొండను పొద్దున్నే, నీళ్ల సీసాతో ఎక్కండి.

చేయకూడనివి:
- శాసనాల మీద కుంకుమ, నూనె పూయొద్దు. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో రుద్దొద్దు.
- కోతుల ముందు తినుబండారాలు విప్పొద్దు.

మళ్లీ విమానం ఎక్కేవారికి

చేయవలసినవి:
- పెట్టె మీ చేత్తోనే సర్దుకోండి. మందులకు డాక్టరు చీటీ ఉంచుకోండి. కొడీన్, ట్రమడాల్ ఉన్న మందులకు గల్ఫ్ దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి.

చేయకూడనివి:
- ఇంటి మసాలా పొడిలో గసగసాలు ఉంటే పట్టుకెళ్లొద్దు. యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో గసాలు నిషిద్ధం. మాంసం కూరలో వేసుకునే దినుసే అక్కడ మాదకద్రవ్యం కేసు అవుతుంది.
- ‘మావాడికి ఇవ్వు బాబూ’ అని ఎవరైనా ఇచ్చే పొట్లం విప్పి చూడకుండా తీసుకోవద్దు.

ఆపదలో 112, అంబులెన్సుకు 108. తమిళనాడులోనూ ఇవే నంబర్లు.

పరాయి దేశంలో జరిమానాకు భయపడి పాటించే జాగ్రత్తను, సెలవుల్లో మన పిల్లల ముందు గాలికి వదిలేస్తున్నాం. అక్కడ ఫోర్‌మన్ చూస్తాడు, ఇక్కడ పిల్లలు చూస్తారు. ముందు మీ పట్టీ బిగించండి, తర్వాత వాళ్లది, ఆ తర్వాతే పుట్టి ఎక్కండి.