ముంబయిలో గది వెదకుచున్న మేనల్లునికి

 

నీ ఉత్తరము మొన్న సాయంకాలము చేరినది. అంధేరిలో ఉద్యోగమున చేరి మాసము తిరుగకమునుపే, జీతములో సగపాలు హరించు గదినొకదానిని ఒంటరిగా కుదుర్చుకొన దలచితివనియు, డిపాజిట్టునకై అప్పు చేయబోవుచున్నావనియు, ఈ సంగతి అమ్మకు తెలియనీయవలదనియు వ్రాసితివి. మొదటి రెండింటికంటె ఈ మూడవ మాటయే నన్ను ఎక్కువ బాధించినది.

నేను 1974లో ఆ నగరమున అడుగిడినప్పుడు లాల్‌బాగ్‌లోని ఒక చాల్‌లో, అనగా వరుసగదుల ఉమ్మడి యింట, పదడుగుల వెడల్పైన లేని గదిలో, తొమ్మండుగురము కాపురముంటిమి. నేనొక్కడను గుమాస్తాను, తక్కినవారందరు కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గము విడిచి మిల్లునకు వచ్చినవారు. రాత్రిపాళివాడు వచ్చి పరుండుటకై పగటిపాళివాడు చాప చుట్టి లేచెడివాడు. గోడకు తొమ్మిది మేకులుండెడివి. ఒక్కొక్కనికి ఒక్కొక్క మేకు. చొక్కా, సంచి, ఇంటినుండి వచ్చిన ఉత్తరములు గ్రుచ్చిన తీగ, అన్నియు దానికే వ్రేలాడెడివి. ఎవడైన ఊరికి మరలిపోయిన, ఖాళీయైన ఆ మేకు ఎవనికి దక్కునో వానికే గదిలో చోటు. అది సుఖమని చెప్పను, నీవట్లుండవలెననియు చెప్పను. కాని మాలో ఒక్కడును తన ఇరుకును ఇంటివారికి దాచలేదు. కావుననే 1982లో మిల్లుల సమ్మె వచ్చి జీతములు నిలిచిపోయినప్పుడు, ఊరినుండి బియ్యపు మూటలు అడుగకయే వచ్చినవి.

ఆ నగరమున అద్దెలేల ఇంత భారములో తెలిసికొనుము. తెలియనివాడు తన చేతగానితనమే కారణమనుకొని క్రుంగిపోవును. సముద్రము చుట్టుముట్టిన సన్నని నేల అది. పొట్ట చేతబట్టుకొని వచ్చువారికి అంతము లేదు. పైగా 1947నాటి అద్దె చట్టము పాత అద్దెలను 1940నాటి స్థాయిలోనే బంధింపగా, అప్పటికే ఉన్నవారికి నీడ నిలిచినదిగాని, యజమానులు మరమ్మతులు మానిరి, అద్దెకిచ్చుటకై క్రొత్త యిండ్లు కట్టుట మానిరి, పగిడీ యను పేర పెద్ద మొత్తము చేతబడనిదే తలుపు తీయకుండిరి. మా చాల్‌ను కాపాడిన చట్టమును నేను నిందింపలేను. అయినను నీవంటి క్రొత్తవాడు దాని మూల్యమును నేటికిని చెల్లించుచున్నాడని నా నిశ్చయము.

ఇక నీ విషయము. అంధేరి పశ్చిమ రైల్వే లైనులో ఉన్నది. కావున గదిని ఆ లైనులోనే వెదకుము. చవుకయని మధ్య రైల్వే దిక్కునకు పోయి, ప్రతిదినము దాదరులో బండి మారవలసివచ్చిన, మిగిలిన రూపాయలను ఒంటి సత్తువతో చెల్లింతువు. బోరివలి మొదలు విరార్ వరకు ఎంత ఉత్తరమునకు పోయిన అద్దె అంత తగ్గును, దినములో నీకు మిగులు గంటలును అంతే తగ్గును. నా మాట వినెదవేని, స్టేషనునుండి నడిచి పోదగిన చోట, మరి యిద్దరితో కలిసి, చిన్న యిల్లు తీసికొనుము. చూడబోవునపుడు కుళాయి ఏ వేళకు వచ్చునో, ఎంతసేపు వచ్చునో ఇరుగుపొరుగువారిని అడుగుము. దళారి దానిని చెప్పడు. అతనికి ఒక మాసపు అద్దె ఇచ్చుట వాడుక, అంతకు మించి ఇయ్యకుము. అద్దె తగ్గించి లక్షలకు లక్షలు డిపాజిట్టు పుచ్చుకొందుమనువారి జోలికి పోవలదు.

కాగితము లేక తాళము పుచ్చుకొనకుము. 1988లో గోరేగాంవ్‌లో నేను మాటమీద ఇచ్చిన డిపాజిట్టులో, ఇల్లు విడిచిన దినమున, గోడల సున్నమునకని, కిటికీ రెక్కకని చెప్పి యజమాని ఒక్క రూపాయియు తిరిగి ఇయ్యలేదు. చూపుటకు నా చేత రసీదు లేదు. 1999నాటి అద్దె చట్టము ననుసరించి లీవ్ అండ్ లైసెన్సు అను ఇంటి ఒప్పందమును రిజిస్టరు చేయించు బాధ్యత యజమానిది. అతడు చేయింపనియెడల, షరతులను గూర్చి అద్దెకున్నవాడు చెప్పినదే, వేరుగ రుజువగువరకు, చెల్లును. పదకొండు నెలల కాగితమునకు రిజిస్ట్రీ యేలయని ఎవడైన అన్నచో ఈ మాట మర్యాదగా చెప్పుము.

నాయనా, ఒక్కటి వేడుకొందును. అప్పు పత్రముమీద సంతకము చేయవలదు. ఈ ఆదివారము అమ్మకు ఫోను చేసి, జీతమెంతయో, అద్దెయెంతయో, చేత మిగులునదెంతయో ఉన్నదున్నట్లు చెప్పుము. ముగ్గురు కలిసి తీసికొను ఇంటికి నీ వంతు డిపాజిట్టులో తక్కువైనది నేను పంపెదను; తిరిగి తీర్చుటకు తొందర లేదు.

ఆశీస్సులతో,
నీ మామయ్య