కంచు పంకాకు మెరుగు పెట్టడం ఎలా?



వేసవి సెలవులకు నేను రామచంద్రపురంలో మా మామయ్య ఇంటికి వెళ్లాను. ఇంటి వెనకాల పాకలో ఆయన మరపడవల సామాను బాగుచేస్తాడు. యానాం వైపు వేటకెళ్లే పడవ పంకా ఒకటి వచ్చింది. పంకా అంటే పడవ అడుగున నీళ్లను వెనక్కి నెట్టే రెక్కల చక్రం. ఇంగ్లీషులో ప్రొపెల్లర్ అంటారు. దీనికి మూడు రెక్కలు.

ఏ లోహం?

రాగి, తగరం కలిస్తే కంచు. రాగి, జింకు కలిస్తే ఇత్తడి. పంకాలకు ఎక్కువగా వాడే మాంగనీసు కంచులో నూటికి సుమారు 58 పాళ్లు రాగి, 39 పాళ్లు జింకు ఉంటాయి. అంటే పేరుకే కంచు, జాతి ఇత్తడి! ఉప్పునీటిలో జింకు కరిగిపోతే గులాబిరంగు మచ్చ పడుతుంది. అక్కడ రాగి గుల్లబారి బలం ఉండదు. ఆ మచ్చను మెరుగు పెట్టి దాచకూడదు.

చేసే పద్ధతి

1. చిన్న సుత్తితో రెక్కను మెల్లగా కొట్టాలి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే పగులు ఉందేమో చూడాలి.
2. అంటుకున్న గుల్లలను చెక్కముక్కతో గీకాలి. మన ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు పులుసుతో తోమాలి. పులుపులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. తర్వాత బాగా కడగాలి.
3. 120, 220, 400 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా, తడిపి రుద్దాలి. ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు తప్పనిసరి.
4. మూడు రెక్కలనూ సమానంగా రుద్దాలి. అంచులు పలచబడకూడదు.

నేను చేసిన తప్పు

ఒక రెక్క మీద గుంటలున్నాయని అవి పోయేదాకా దాన్నే అరగదీసేను. అద్దంలా మెరిసింది. సంబరపడ్డాను. మామయ్య పంకా మధ్య రంధ్రంలో ఇనుప కడ్డీ దూర్చి, సమంగా ఉన్న రెండు అంచుల మీద పెట్టేడు. నేను రుద్దిన రెక్క పైకి లేచిపోయింది!

"ఏరా అల్లుడూ, ఇలాగే బిగిస్తే ఏమవుద్ది? పడవంతా వణుకుద్ది. ఇరుసు అరిగి నీళ్లొస్తాయి. నడి నీళ్లలో వాళ్ల గతేంటి?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పోయిన లోహం తిరిగి రాదు కదా! మిగతా రెండు రెక్కల నడుమ కొంచెం కొంచెం రుద్ది, మళ్లీ మళ్లీ తూచేం. ఎటు తిప్పి వదిలితే అటే నిలిచేసరికి చీకటి పడింది.

గరుకు పోతే నీటి రాపిడి తగ్గి డీజిలు ఆదా అవుతుంది. మెరుపు మాత్రం నీళ్లలో కొద్ది రోజులే ఉంటుంది. తూకం తప్పితే మెరిసే పంకా కూడా ప్రమాదమే.

ప్రశ్న: మన బడిలో సీలింగు ఫ్యాను ఎందుకు ఊగుతోంది? ఆలోచించి చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థి