మత్స్యావతారము – జీవపరిణామము

మాఘ పూర్ణిమనాడు దివిసీమలోని హంసలదీవికి వెళ్లి, కృష్ణవేణి సాగరమున కలియుచోట స్నానమాచరించి, శ్రీ వేణుగోపాలస్వామివారిని సేవించు భక్తులు అనేకులు. ఆ ప్రాంతపు మడ అడవుల చెంత, ఆటుపోటుల బురదపై ఒక చిన్నచేప కనిపించును. దాని కన్నులు తలపైకి ఉబికియుండును. రెక్కలను ఊతగా మోపి అది బురదపై ప్రాకును, గెంతును. మొప్పలయందు కొంత నీటిని నిలుపుకొని, తడిచర్మముతో గాలిని గ్రహించుచు నీటి వెలుపల చాలసేపు ఉండగలదు. “చేప నేలమీద నడచునా?” అని పిల్లలు అడుగుదురు. ఆ ప్రశ్న చిన్నది కాదు.

ఈ చేప మనకు పూర్వజీవి కాదు. చాల తరువాత వచ్చిన వేరొక శాఖ. కాని పూర్వము ఒకప్పుడు జరిగినది ఎట్లు సాధ్యమో ఇది చూపుచున్నది. సుమారు 37 కోట్ల సంవత్సరముల క్రిందట, లోతులేని నీటిపట్టులలో కండగల రెక్కల చేపలు కొన్ని జీవించినవి. వాటి రెక్కలో మొదట ఒక ఎముక, పిదప రెండు, ఆపైన చిన్న ఎముకలు. మన దండచేయి, ముంజేయి, మణికట్టుల అమరికయు ఇదే గదా! 2004లో కెనడా ఉత్తరమునగల ఎల్స్‌మియర్ దీవిలో దొరికిన ‘టిక్టాలిక్’ అను శిలాజమునకు చేపవలె పొలుసులు, నేలజంతువువలె కదలు మెడ ఉన్నవి.

ఆ చేపలకు దాయాదులైన ఊపిరితిత్తుల చేపల గుర్తులు మన తెలుగునేలలోనే కలవు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరి వద్ద దొరికిన వాటి పంటి శిలాజములను భూగర్భశాస్త్రజ్ఞుడు థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వర్ణించెను. డార్విన్ మహాశయుని గ్రంథము వెలువడినదియు ఆ సంవత్సరముననే. ఆ పండ్ల వయస్సు 20 కోట్ల సంవత్సరములకు పైమాటే. ఆ చేపల బంధువులు ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో నేటికిని ఉన్నవి.

మత్స్యము, కూర్మము, వరాహము, నారసింహము అను వరుసను జూచి, పరిణామవాదము మన పురాణములలోనే ఉన్నదని పలువురు చెప్పుదురు. 1877లోనే బ్లావట్‌స్కీ ఈ పోలికను వ్రాసియున్నది. పోలిక మనోహరమే. కాని దానినే అర్థముగా గ్రహించినచో చిక్కు కలదు. అవతారములు మెట్లయినచో, మత్స్యమూర్తి శ్రీకృష్ణునికంటె తక్కువ కావలెను. ఏ వైష్ణవుడు దీనికి సమ్మతించును? మార్పు చెందునది ప్రకృతి; పరమాత్మ కాదు. పరిణామమున దేహములు తరతరములుగా మారును. అవతారమున పూర్ణుడైన స్వామి తన సంకల్పముచే దిగివచ్చును.

భాగవతము అష్టమస్కంధమున, కృతమాలానదిలో తర్పణము విడుచుచున్న సత్యవ్రతుని దోసిట ఒక చేపపిల్ల పడినది. పెద్దచేపలు తినివేయునని శరణు వేడినది. రాజు దానిని కమండలువున ఉంచెను. తెల్లవారునప్పటికి అది చాలలేదు. కడవయు, కొలనును, సరస్సును చాలలేదు. తుదకు సముద్రమున విడువబోవగా, వచ్చినవాడు శ్రీహరియని అతడు గుర్తించెను. నాగలాపురమున వేదనారాయణస్వామిగా మనము సేవించునది ఆ మత్స్యమూర్తినే. ఇచట చేప మొదటి మెట్టు కాదు. దోసిలిలో ఇమిడిన అనంతము.

కావున పిల్లలు అడిగినపుడు గద్దింపరాదు. శిలాజము చెప్పుమాటను శిలాజము చెప్పినట్లే చెప్పవలెను. పురాణము చెప్పుమాటను పురాణము చెప్పినట్లే చెప్పవలెను. ఒకదానికి మరియొకటి సాక్ష్యము పలుకవలసిన పని లేదు. బురదలో గెంతు ఆ చిన్నప్రాణిని చూచి రాయి విసరబోవు బాలుని చేయి పట్టి ఆపి, సత్యవ్రతుని కథ వినిపించుడు. అదియే మత్స్యమూర్తికి మనము చేయగల సేవ.