మొక్కజొన్న పాము, మూడింట రెండు

మా పెద్దమ్మ కొడుకు రాలీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. నార్త్ కరోలినా. పోయిన దసరాకి వీడియో కాల్ చేస్తే మెడలో నారింజ రంగు మఫ్లర్‌తో కనిపించాడు. ఆ మఫ్లర్ కదిలింది. పెద్దమ్మ ఫోన్ కింద పడేసింది. తెనాలిలో పెరట్లోకి జెర్రిపోతు వస్తేనే వీధంతా కర్రలు పట్టుకొచ్చే ఇల్లు మాది. అలాంటి ఇంట్లోంచి వెళ్ళినవాడు పాముల్ని పెంచుతున్నాడంటే ఆవిడ తప్పేం లేదు.

అది కార్న్ స్నేక్. విషం లేదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో, పొలాల్లో ఎలుకల్ని చుట్టి నొక్కి తింటుంది. మొక్కజొన్న గాదెల దగ్గర తిరుగుతుంది కాబట్టి ఆ పేరని కొందరంటారు. పొట్ట కింద గళ్ళు రంగురంగుల మొక్కజొన్న కండెలా ఉంటాయి కాబట్టి అని ఇంకొందరు. మన జెర్రిపోతుకి దూరపు చుట్టమే. (జెర్రిపోతుని పెంచడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. హాస్టల్‌లో ఎవరూ ప్రయత్నించకండి.)

అన్నయ్య నాకు ఫోన్ చేసింది పాము గురించి కాదు, లెక్క గురించి. "ఒరేయ్, ప్రాబబిలిటీ చదువుతున్నావుగా, ఇది చూడు" అని ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. ఈసీఈ థర్డ్ ఇయర్‌లో ఉన్నవాడికి పదో తరగతి మెండెల్ బఠానీలు మళ్ళీ ఎదురయ్యాయి.

మామూలు కార్న్ స్నేక్‌కి నారింజ ఒంటి మీద నల్ల అంచున్న ఎర్ర మచ్చలుంటాయి. నలుపు తయారుచేసే జన్యువు పాడైతే అమెల్ వస్తుంది. నలుపు పోయి ఎరుపు, పసుపు మిగులుతాయి, కళ్ళు కూడా ఎర్రగానే ఉంటాయి. ఎరుపు పోతే అనెరీ, అంటే నలుపూ బూడిద రంగూ. రెండూ పోతే స్నో. తెల్లటి గులాబీ పాము, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. ఇవన్నీ అంతర్గత లక్షణాలు. తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తేనే బయటపడతాయి. ఒక్క కాపీ ఉన్న పాము మామూలుగానే కనిపిస్తుంది, కానీ లోపల మోస్తుంటుంది. మన పుస్తకంలో విషమయుగ్మజం అని రాసుకున్నాం, పాముల వాళ్ళు 'హెట్' అంటారు.

ఈ కథ 1953లో నార్త్ కరోలినాలోనే దొరికిన ఒక అల్బినో పాముతో మొదలైంది. బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవ్యాధుల డాక్టరు దాని వంశాన్ని పెంచి, ఇది అంతర్గత లక్షణమేనని 1962లో ప్రచురించాడు. ఆ జన్యువు ఏదో తెలియడానికి ఇంకో యాభై ఏళ్ళకు పైనే పట్టింది. ఓసీఏ2 అనే జన్యువులో ఎక్కడినుంచో దూకిన డీఎన్‌ఏ ముక్క ఇరుక్కుందని జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో చూపించారు. మనుషుల్లో ఒక రకం అల్బినిజానికి కారణం కూడా ఇదే జన్యువు.

అన్నయ్య దగ్గరున్న జంట రెండింటికీ హెట్. లెక్క ప్రకారం పిల్లలు 9:3:3:1, అంటే పదహారింట ఒకటి స్నో. ఆడపాము సరిగ్గా పదహారు గుడ్లు పెట్టింది. "ఒకటి గ్యారంటీ" అని వాడు పేరు కూడా పెట్టేశాడు. దాదాపు రెండు నెలలు పొదిగాక పది మామూలువి, నాలుగు అమెల్, రెండు అనెరీ వచ్చాయి. స్నో సున్నా. నాకేం ఆశ్చర్యం లేదు. పదహారు గుడ్లలో ఒక్క స్నో కూడా రాకుండా ఉండే అవకాశం 15/16ని పదహారుసార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 36 శాతం. ప్రతి గుడ్డూ పాచిక మళ్ళీ మొదటి నుంచీ వేస్తుంది, ముందు గుడ్డులో ఏమొచ్చిందో దానికి తెలీదు.

ఇంతవరకూ సరదాయే. తరవాత వాడు సన్‌కిస్డ్ అనే రకం మగపాము కొన్నాడు. అమ్మినాయన నిజాయితీగా ఒక మాట చెప్పాడు, "ఇదే విడత గుడ్లలో ఒక పిల్ల స్టార్‌గేజర్" అని. పేరు అందంగా ఉంది గానీ అది జబ్బు. కంగారు పడితే ఆ పాము తల వెనక్కి ఆకాశం వైపు తిరిగిపోతుంది, ఒళ్ళు అదుపు తప్పి వెల్లకిలా పడుతుంది. ఇదీ అంతర్గతమే. మొదట సన్‌కిస్డ్ వంశాల్లోనే బయటపడింది. రంగు వెంటపడి దగ్గరి చుట్టాల్నే జత కడుతూ పోతే రంగుతో పాటు దాక్కున్నవి కూడా పోగవుతాయి.

"నా మగపాము హెట్ అయ్యే అవకాశం ఎంత?" అని అడిగాడు. నేను ఆలోచించకుండా సగం అన్నాను. తప్పు. తోబుట్టువుకి జబ్బు వచ్చిందంటే తల్లీ తండ్రీ ఇద్దరూ హెట్. నాలుగు గళ్ళలో ఒకటి జబ్బు, రెండు హెట్, ఒకటి శుభ్రం. మన పాము ఆరోగ్యంగా ఉంది కాబట్టి జబ్బు గడి కొట్టేయాలి. మిగిలిన మూడింట రెండు హెట్. 66 శాతం. కండిషనల్ ప్రాబబిలిటీ మీద మిడ్‌లో ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకున్నవాణ్ణి, రాత్రి పదకొండింటికి తిరిగి ఫోన్ చేసి దిద్దుకున్నాను.

తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. హెట్ అని తెలిసిన ఆడపాముతో కలపాలి. మగపాము కూడా హెట్ అయితే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు జబ్బు. ఒక్కటి పుట్టినా తేలిపోయినట్టే. పన్నెండూ ఆరోగ్యంగా పుడితే? ఇలాంటి మగపాములు 300 ఉన్నాయనుకోండి. 200 హెట్, 100 శుభ్రం. హెట్ పాముల్లో అదృష్టం కొద్దీ పన్నెండుకి పన్నెండూ బాగా పుట్టేవి దాదాపు ఆరు. శుభ్రమైనవి వందా అలాగే ఉంటాయి. అంటే పరీక్ష పాసైన 106లో ఆరు ఇంకా మోస్తూనే ఉంటాయి. 66 శాతం కాస్తా ఆరు శాతానికి దిగింది.

నాకు లెక్క భలే నచ్చింది, వెంటనే పైథాన్‌లో గ్రాఫ్ గీసి పంపాను. వాడు చాలాసేపు రిప్లై ఇవ్వలేదు. తరవాత ఒక్కటే అడిగాడు: "హెట్ అయితే పన్నెండులో ఎన్ని వెల్లకిలా పడతాయిరా?"

సగటున మూడు. నా గ్రాఫ్‌లో ఆ మూడూ లేవు. నేను వాటిని 'పరీక్ష ఫలితం' అనే రాశాను. అవి తిని బతకగలవు, కానీ ఎవరు పెంచుతారు? పుట్టే ఆరోగ్యమైన పిల్లల్లో కూడా మూడింట రెండు మళ్ళీ మోస్తూనే ఉంటాయి. వాటిని కొన్నవాళ్ళకి ఆ సంగతి చెప్పాలి, వాళ్ళు ఇంకొకరికి చెప్పాలి. ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తెగుతుంది.

అన్నయ్య ఆ మగపాముని ఎవరితోనూ కలపలేదు. వేరే పెట్టెలో ఉంచి పెంచుతున్నాడు. ఇప్పుడు కొన్ని జన్యువులకి కుబుసం ముక్క పంపితే డీఎన్‌ఏ పరీక్ష చేసే ల్యాబ్‌లు ఉన్నాయి, దీనికీ దొరుకుతుందేమో చూస్తానన్నాడు. మొన్న అది కుబుసం విడిస్తే మడతపెట్టి కవర్‌లో దాచాడు. వీడియో కాల్‌లో పెద్దమ్మ కంట అదే పడింది.

"ఆ కవర్లో ఏంట్రా?"

"చొక్కా, అమ్మా. పాతది."